పాత వాల్వు రేడియోకి కొత్త రెసిస్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా వాల్వు రేడియోల (ట్రాన్సిస్టర్ల బదులు వాక్యూమ్ ట్యూబులతో నడిచేవాటి) గురించి, అంటే సుమారు 1930ల నుంచి 1960ల దాకా వచ్చిన సెట్ల గురించి. వీటిలో 200 నుంచి 300 వోల్టుల డీసీ నడుస్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచే ఉంటుంది. రెసిస్టరు మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు తీయండి. ఆ కెపాసిటరు చివరలకు 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొన్ని సెకన్లు తగిలించి, వోల్టేజి సున్నాకి దిగిందని మీటరుతో చూసుకోండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు ఉంటే మానేయండి.

సెట్టు తెరిచాక రెసిస్టర్లన్నీ మార్చేయాలా?

అక్కర్లేదు. పాత పేపరు కెపాసిటర్లకు, ఎలక్ట్రోలైటిక్‌లకు "కళ్లు మూసుకుని అన్నీ మార్చు" అన్న పద్ధతి సరిపోతుంది. రెసిస్టర్లకు సరిపోదు. ఆ కాలంలో ఎక్కువగా వాడినవి కార్బన్ కంపోజిషన్ రకం. కార్బన్ పొడిని రెజిన్‌తో కలిపి అచ్చు పోసినవి. తేమ పీల్చుకోవడం వల్ల, ఏళ్ల తరబడి వేడికి గురవడం వల్ల వీటి విలువ మెల్లగా పెరుగుతుంది. అందులోనూ 100 కిలోఓమ్‌లకు పైబడినవి ఎక్కువ పెరుగుతాయి. 220 కిలోఓమ్‌లని రాసి ఉన్నది 300 దాటి చూపించడం మామూలే. వైర్‌వౌండ్‌లకు (రెసిస్టెన్స్ తీగ చుట్టి చేసినవాటికి) ఇలా జరగదు. అవి బాగుంటే బాగుంటాయి, తీగ తెగితే పూర్తిగా పోతాయి.

ఆ సెట్లను తయారుచేసినప్పుడే చాలా చోట్ల 20 శాతం అటూఇటూ ఉన్న రెసిస్టర్లు వేశారు. సర్క్యూట్ దాన్ని తట్టుకునేలా గీశారు. అందుకే నేను పెట్టుకున్న గీత కూడా అదే: 20 శాతం లోపల ఉంటే వదిలేస్తాను, దాటితే మారుస్తాను. పగుళ్లు, కాలిన మచ్చలు, ఊడుతున్న కాలు కనిపిస్తే మాత్రం మీటరు ఏం చెప్పినా తీసేస్తాను.

సర్క్యూట్‌లోంచి తీయకుండా కొలిస్తే లెక్క సరిగ్గా వస్తుందా?

సగం వస్తుంది, ఆ సగం చాలా ఉపయోగం. సర్క్యూట్‌లో ఉన్న రెసిస్టరుకు పక్కన వేరే దారులు ఉంటాయి. ఆ దారులు రీడింగును తగ్గించగలవు గానీ పెంచలేవు. అందుకని రాసిన విలువ కంటే 20 శాతం దాటి ఎక్కువ చూపిస్తే అది పాడైనట్టే, తీసి చూడాల్సిన పని కూడా లేదు. తక్కువ చూపిస్తే మాత్రం ఏమీ తేలదు. ఒక కాలు విప్పి మళ్లీ కొలవాలి.

రెండు జాగ్రత్తలు. కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటే రీడింగు అబద్ధం చెబుతుంది, మీటరూ పోవచ్చు. పెద్ద కెపాసిటర్లు ఉన్న చోట అంకె మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. అది స్థిరపడే దాకా ఆగండి.

రంగుల చారలు లేవు. ఒళ్లంతా ఒక రంగు, ఒక కొస ఇంకో రంగు, మధ్యలో చుక్క. ఎలా చదవాలి?

1930ల సెట్లలో ఇదే పద్ధతి. ఒంటి రంగు మొదటి అంకె, కొస రంగు రెండో అంకె, చుక్క రంగు సున్నాల సంఖ్య. ఒళ్లు ఆకుపచ్చ, కొస నలుపు, చుక్క పసుపు అయితే 5, 0, నాలుగు సున్నాలు: 500 కిలోఓమ్‌లు. కొసకు వేరే రంగు కనబడకపోతే అదీ ఒంటి రంగేనని అర్థం. ఎర్రటి ఒంటి మీద నారింజ చుక్క మాత్రమే ఉంటే 22 కిలోఓమ్‌లు. రెండో కొసన వెండి లేదా బంగారు రంగు ఉంటే అది టాలరెన్స్, అంటే రాసిన విలువకు ఎంత శాతం అటూఇటూ ఉండవచ్చో చెప్పేది. లేకపోతే 20 శాతం.

వేడికి రంగులు మారతాయి. గోధుమ, ఎరుపు, నారింజ మూడూ ఒకేలా కనిపించే దశకు వస్తాయి. కాలిన దాని రంగులను నమ్మి కొత్తది కొనకండి. ఆ మోడల్ సర్క్యూట్ డయాగ్రమ్ వెతకండి. అది దొరక్కపోతే అదే వాల్వులున్న మరో సెట్టు డయాగ్రమ్ చూసినా విలువ దరిదాపుల్లో తెలుస్తుంది.

50, 250, 500 కిలోఓమ్‌లవి దొరకడం లేదు. ఏం వేయాలి?

47, 270 (లేదా 240), 470 వేయండి. ఇప్పటి విలువల వరుస వేరు, అంతే. తేడా 10 శాతం లోపే.

ఎన్ని వాట్లది వేయాలో ఎలా తెలుస్తుంది?

సైజు చూసి చెప్పలేం. పాత అర వాటు రెసిస్టరు ఇప్పటి 2 వాట్ల దానంత లావు ఉండవచ్చు. డయాగ్రమ్‌లో రాసి ఉంటే మంచిదే. లేకపోతే లెక్క కట్టాలి. రెసిస్టరు రెండు కొసల మధ్య పడే వోల్టేజిని దానితోనే గుణించి, ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. వచ్చిన దానికి కనీసం రెట్టింపు రేటింగ్ ఉన్నది వేయాలి. రెట్టింపు ఎందుకంటే, రెసిస్టరు మీద రాసే వాటేజి సాధారణంగా చుట్టూ గాలి 70 డిగ్రీల సెల్సియస్ ఉండేదాకే చెల్లుతుంది. వాల్వుల కింద, మూసిన పెట్టెలో ఆ వెసులుబాటు త్వరగానే అయిపోతుంది.

రేడియోలో తరచూ తగిలే చోట్లు చూద్దాం. కాథోడ్, గ్రిడ్, స్క్రీన్ గ్రిడ్, ప్లేటు అన్నవి వాల్వు లోపలి ఎలక్ట్రోడ్లు; కాథోడ్‌కూ ప్లేటుకూ మధ్య పోయే కరెంటును గ్రిడ్ అదుపు చేస్తుంది. ఆడియో ట్రయోడ్ ప్లేటుకు 220 కిలోఓమ్‌ల రెసిస్టరు ఉండి, దాని మీద 150 వోల్టులు పడితే ఖర్చయ్యేది 0.1 వాటు. అర వాటుది ధారాళంగా సరిపోతుంది. స్క్రీన్ గ్రిడ్లకు వెళ్లే 33 కిలోఓమ్‌ల దాని మీద 165 వోల్టులు పడితే 0.82 వాటు. అక్కడ 2 వాట్లది కావాలి. ఈఎల్84 (స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు) కాథోడ్ కింద 135 ఓమ్‌లు, సుమారు 7.3 వోల్టులు: 0.4 వాటు. లెక్క ప్రకారం 1 వాటు చాలు, నేను 2 వేస్తాను, కారణం కాలిన రెసిస్టర్ల దగ్గర చెబుతాను. హెచ్‌టీ (వాల్వుల ప్లేట్లకు వెళ్లే ఎక్కువ వోల్టేజి డీసీ) లైనులో ఫిల్టర్‌గా 1.2 కిలోఓమ్‌లది ఉండి 60 మిల్లీఆంపియర్లు పోతుంటే 4.3 వాట్లు. అది 10 వాట్ల వైర్‌వౌండ్ అయితేనే నిశ్చింత. గ్రిడ్ లీకులు (గ్రిడ్ నుంచి సెట్టు లోహపు చట్రానికి, అంటే ఛాసిస్‌కు వెళ్లేవి), ఏవీసీ (ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్) లైనులోని మెగాఓమ్ రెసిస్టర్లలో వేడి దాదాపు శూన్యం.

ఎక్కువ వాట్లది వేస్తే నష్టమా?

చోటు ఉంటే నష్టం లేదు. ఫ్యూజులా పనిచేయాల్సిన రెసిస్టర్లు మాత్రం దీనికి మినహాయింపు. వాటి సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది.

వాట్లు సరిపోయాయి, విలువ సరిపోయింది. ఇంకేం చూడాలి?

వోల్టేజి రేటింగ్. జనం మరచిపోయేది ఇదే, ప్రమాదం దాగి ఉండేదీ ఇక్కడే. ప్రతి రెసిస్టరుకూ వాట్లతో సంబంధం లేకుండా ఇంత వోల్టేజి దాకానే అని ఒక హద్దు ఉంటుంది. సాధారణంగా పావు వాటు రకాలకు 250 వోల్టులు (కొన్ని చిన్నవాటికి 200), అర వాటుకు 350, ఒక వాటుకు 500 అని డేటాషీట్లలో కనిపిస్తాయి. కొనేదాని డేటాషీట్ తెరిచి చూడండి.

మ్యాజిక్ ఐ (స్టేషన్ సరిగ్గా కుదిరిందో వెలుగుతో చూపించే) వాల్వు సాకెట్ సంగతే తీసుకోండి. 6ఈ5 లాంటి వాటికి టార్గెట్ పిన్నుకూ ప్లేటు పిన్నుకూ మధ్య 1 మెగాఓమ్ రెసిస్టరును సాకెట్ లోపలే ఇరికిస్తారు. 250 వోల్టులు మొత్తం దాని మీద పడినా ఖర్చయ్యేది 0.06 వాటు. ఆ లెక్క చూసి పావు వాటుది చాలనిపిస్తుంది. కానీ వోల్టేజి దగ్గర అది హద్దు మీదే నిలబడింది. పైగా స్విచ్ వేసిన మొదటి క్షణాల్లో సెట్టులో హెచ్‌టీ మామూలు కంటే ఎక్కువ ఉంటుంది. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ముందుగా వేడెక్కి, మిగతా వాల్వులు ఇంకా కరెంటు లాగడం మొదలుపెట్టకపోతే 250–0–250 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య కొస నుంచి ఒక్కో వైపు 250 వోల్టుల ఏసీ ఇచ్చేది) ఉన్న సెట్టులో కెపాసిటరు మీద 350 వోల్టులు కూడా కనబడతాయి. అక్కడ అర వాటుది కూడా అంచు మీదే ఉంటుంది. 470 కిలోఓమ్‌లవి రెండు అర వాటువి వరసగా (సిరీస్‌లో) కలిపి, పైన స్లీవు తొడగండి. వోల్టేజి చెరిసగం పంచుకుంటాయి.

250 కిలోఓమ్‌ల పైన పావు వాటు రెసిస్టరుకు అసలు హద్దు వాట్లు కాదు, వోల్టేజే. ఇది గుర్తుంటే చాలు, పొరపాటు జరగదు.

ఏసీ కరెంటు వైపు ఉన్నవాటికి శిఖర వోల్టేజి చూడాలి: 230 వోల్టుల ఏసీకి అది 325. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలో ఏరియల్ సాకెట్‌కూ ఛాసిస్‌కూ మధ్య కెపాసిటరుకు సమాంతరంగా ఒక్కోసారి పెద్ద విలువ రెసిస్టరు ఉంటుంది. దానికి ఒక వైపు మెయిన్స్, మరో వైపు మీ చెయ్యి. అక్కడ కెపాసిటరు వై తరగతి సేఫ్టీ రకం, రెసిస్టరు మెటల్ గ్లేజ్ హై వోల్టేజి రకం అయి తీరాలి. డబ్బాలో ఉన్నదేదో తీసి వేసే చోటు కాదది.

కార్బన్ ఫిల్మ్, మెటల్ ఫిల్మ్, మెటల్ ఆక్సైడ్, వైర్‌వౌండ్. దేనికి ఏది?

అర వాటు, ఒక వాటు పనులకు మెటల్ ఫిల్మ్ గానీ కార్బన్ ఫిల్మ్ గానీ వేయండి. రెండూ నిలకడగా ఉంటాయి. ఆడియో మొదటి దశలో మెటల్ ఫిల్మ్‌కి గరగర తక్కువ. 1 నుంచి 3 వాట్ల దాకా, వేడెక్కే చోట, మెటల్ ఆక్సైడ్ ఫ్లేమ్‌ప్రూఫ్ రకం నా మొదటి ఎంపిక. ఓవర్‌లోడ్ అయినా మంట అంటుకోదు. అంతకు పైన వైర్‌వౌండ్: సిరామిక్ డబ్బీలో సిమెంటు పోసినవి లేదా ఎనామిల్ పూత వేసినవి.

వైర్‌వౌండ్ అంటే లోపల తీగచుట్టే కాబట్టి కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. పవర్ సప్లైలో దానివల్ల ఇబ్బంది లేదు. ఆసిలేటర్, ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) లాంటి అధిక ఫ్రీక్వెన్సీ దశల్లో మాత్రం పెట్టవద్దు. ఒంటి రంగు చూసి "నీలం అయితే మెటల్ ఫిల్మ్" అని తేల్చేసుకోకండి. తయారీదారులందరూ ఒకే రంగు పద్ధతి పాటించరు.

అప్పటి రూపం పోకూడదని వాడని పాత కార్బన్ కంపోజిషన్ స్టాకు కొన్నాను. వేయవచ్చా?

ఒక్కొక్కటీ కొలిచి వేయవచ్చు. వాడకపోయినా అరలో ఉండగానే తేమ పీల్చి పెరిగినవి చాలా ఉంటాయి. టంకం వేడికి కూడా విలువ కదులుతుంది కాబట్టి అతికాక మళ్లీ కొలవండి. వేడెక్కే చోట్ల మాత్రం వద్దంటాను. విపరీతమైన ఓవర్‌లోడ్‌లో ఇవి తెగిపోవడానికి బదులు కొన్నిసార్లు విలువ తగ్గి ఇంకా కరెంటు లాగుతాయి, దాంతో ఇంకా కాలతాయి.

ఒక రెసిస్టరు బొగ్గయింది. కొత్తది వేస్తే పని అయిపోయినట్టేనా?

కాలేదు. రెసిస్టరు సాధారణంగా తనంతట తాను కాలిపోదు, దాన్ని ఇంకేదో కాల్చింది. ఆ దొంగను పట్టుకోకుండా కొత్తది వేస్తే మళ్లీ కాలుతుంది. పెద్ద వాట్లది వేశారనుకోండి, అది ఓర్చుకుంటుంది, ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

అవుట్‌పుట్ వాల్వు కాథోడ్ రెసిస్టరు కాలిందంటే నేను మొదట అనుమానించేది ముందు దశ ప్లేటు నుంచి ఆ వాల్వు గ్రిడ్‌కు వచ్చే కప్లింగ్ కెపాసిటరును. పాత పేపరు కెపాసిటరు లీక్ అయితే డీసీ గ్రిడ్ మీదికి వస్తుంది, గ్రిడ్ పాజిటివ్ అవుతుంది, వాల్వు కరెంటు ఎగబాకుతుంది. కరెంటు రెట్టింపైతే రెసిస్టరులో వేడి నాలుగింతలు. ఇందాక 0.4 వాటు అన్నది 1.6 అవుతుంది. అక్కడ 2 వాట్లది వేస్తానన్నది అందుకే. అయితే ముందు కెపాసిటరు మార్చాకే. వాల్వులోనే లోపం ఉన్నా ఇదే జరుగుతుంది. కాథోడ్ రెసిస్టరుకు సమాంతరంగా ఉన్న ఎలక్ట్రోలైటిక్ కూడా ఈ దెబ్బకు పాడై ఉండవచ్చు, దాన్నీ చూడండి.

ఇంకో కోణం: ఆ వాల్వు గ్రిడ్ లీకు రెసిస్టరు విలువ బాగా పెరిగిపోయినా గ్రిడ్ అదుపు తప్పుతుంది. ఈఎల్84కి కాథోడ్ బయాస్‌లో (గ్రిడ్‌కు కావలసిన నెగెటివ్ వోల్టేజి కాథోడ్ రెసిస్టరు వల్ల వచ్చే పద్ధతి) గ్రిడ్ రెసిస్టరు 1 మెగాఓమ్‌కు మించకూడదు, ఫిక్స్‌డ్ బయాస్‌లో (దాన్ని వేరే సప్లై నుంచి ఇచ్చే పద్ధతి) 300 కిలోఓమ్‌లకు మించకూడదు. 470 కిలోఓమ్‌లకు బదులు "ఇదే ఉంది కదా" అని 2.2 మెగాఓమ్‌లు వేస్తే రేడియో మొదట్లో పాడుతుంది, వేడెక్కే కొద్దీ వాల్వు అదుపు తప్పుతుంది.

స్క్రీన్ రెసిస్టరు కాలితే స్క్రీన్ నుంచి ఛాసిస్‌కు ఉన్న బైపాస్ కెపాసిటరు చూడండి. అది షార్ట్ అయితే 33 కిలోఓమ్‌ల మీద 250 వోల్టులూ పడి 1.9 వాట్లు ఖర్చవుతాయి. పాత 1 వాటుది అలాగే నల్లబడుతుంది. హెచ్‌టీ లైనులోది కాలితే దాని తర్వాత ఉన్న ఫిల్టర్ కెపాసిటరు, ఆ తర్వాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్టులో డ్రాపర్ రెసిస్టరు (అదనపు మెయిన్స్ వోల్టేజిని మింగేది) తెగింది. ఎలా ఎంచుకోవాలి?

ముందు ఒక మాట. ఈ సెట్లలో ఛాసిస్ మెయిన్స్‌కు నేరుగా కలిసి ఉండవచ్చు. ప్లగ్గు తిప్పి పెడితే ఛాసిస్ మొత్తం షాక్ కొడుతుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బెంచి మీద ఆన్ చేయకండి.

ఇక లెక్క. వాల్వుల హీటర్లన్నీ వరసగా కలిపి ఉంటాయి. యూ వరుస (పేరు యూతో మొదలయ్యే) వాల్వులకు హీటర్ కరెంటు 100 మిల్లీఆంపియర్లు. యూసీహెచ్81కి 19 వోల్టులు, యూబీఎఫ్89కి 19, యూసీఎల్82కి 50, యూవై85కి 38. మొత్తం 126. 230 వోల్టుల మెయిన్స్‌లో మిగిలిన 104 వోల్టులను డ్రాపర్ మింగాలి. 0.1 ఆంపియర్‌తో భాగిస్తే 1,040 ఓమ్‌లు, 10.4 వాట్లు. దీనికి 25 వాట్ల వైర్‌వౌండ్ వేయండి. రెట్టింపు కంటే ఎక్కువ ఎందుకంటారా? హీటర్లు చల్లగా ఉన్నప్పుడు వాటి రెసిస్టెన్స్ వేడి మీద ఉండేదానిలో కొద్ది వంతే. స్విచ్ వేసిన క్షణంలో మెయిన్స్‌లో ఎక్కువ భాగం డ్రాపర్ మీదే పడుతుంది. 230 వోల్టులూ పడితే అది 50 వాట్లు. ఆ దెబ్బ రోజూ తినాలి.

పాత డ్రాపర్‌కు మధ్యలో ట్యాపింగులు ఉంటే ఒక్కో ముక్కలో పోయే కరెంటు వేరు. రెక్టిఫయర్‌కు పోయే కరెంటు కూడా కొన్నిటిలో కలుస్తుంది. ఒక ముక్క తెగితే ఆ ముక్కకు సమాంతరంగా కొత్తది కట్టేవాళ్లు ఉన్నారు. తెగిన చోటు వేడికి మళ్లీ అతుక్కుంటే విలువ సగానికి పడిపోయి హీటర్లకు ఎక్కువ కరెంటు పోతుంది. పాత ముక్కను పూర్తిగా విడదీసి వేయాలి.

మెయిన్స్ వైరే వేడెక్కుతోంది. అది లోపమా?

కొన్ని పాత 110–120 వోల్టుల సెట్లలో డ్రాపర్‌ను వైరులోనే అల్లారు. మూడు తీగల్లో ఒకటి రెసిస్టెన్స్ తీగ. గోరువెచ్చగా ఉండడం దాని స్వభావం. దాన్ని పొట్టి చేయవద్దు. పొడవు తగ్గితే ఓమ్‌లు తగ్గి హీటర్లు పోతాయి. లోపలి ఇన్సులేషన్ చాలాసార్లు ఆస్బెస్టాస్. కోసి, పీకి, పీచు గాలిలోకి లేపకండి. నా సలహా: వైరును మొత్తంగా తీసి సంచిలో కట్టి పక్కన పెట్టండి. మామూలు వైరు వేసి, లెక్క కట్టిన వైర్‌వౌండ్‌ను ఛాసిస్ మీద గాలి ఆడే చోట బిగించండి. ఆ వేడి ఇప్పుడు పెట్టె లోపల పుడుతుంది కాబట్టి వెనక అట్ట రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి.

ఫ్యూజిబుల్ రెసిస్టరు దొరకలేదు. మామూలుది వేయవచ్చా?

వద్దు. రెక్టిఫయర్ ముందు ఉండే చిన్న విలువ రెసిస్టరు కొన్ని సెట్లలో షార్ట్ వచ్చినప్పుడు మంట లేకుండా తెగిపోవడానికే పెట్టినది. అదే విలువ ఫ్యూజిబుల్ లేదా ఫ్లేమ్‌ప్రూఫ్ వైర్‌వౌండ్ వేసి, వరసగా సరైన ఫ్యూజు కూడా పెట్టండి.

సెలీనియం రెక్టిఫయర్ తీసి సిలికాన్ డయోడ్ వేశాను. రెసిస్టరు కలపాలా?

కలపాలి. సెలీనియం మింగినంత వోల్టేజిని సిలికాన్ మింగదు, హెచ్‌టీ పెరుగుతుంది. డయోడ్‌కు వరసగా రెసిస్టరు పెట్టి, డయాగ్రమ్‌లోని హెచ్‌టీ వచ్చే దాకా విలువ సర్దండి. 15 వోల్టులు తగ్గించాలి, సెట్టు 60 మిల్లీఆంపియర్లు తాగుతోంది అనుకుంటే భాగించగా 250 ఓమ్‌లు, 0.9 వాటు అని వస్తుంది. ఆ రెండూ మోసపు అంకెలే. డయోడ్ వెనక కరెంటు సాఫీగా పోదు, కెపాసిటరు నిండే క్షణాల్లో పెద్ద పెద్ద పల్సులుగా పోతుంది. అందుకే 250 కంటే బాగా తక్కువ ఓమ్‌లకే 15 వోల్టులు దిగుతాయి. అలాగే ఆ ఓమ్‌లను సగటు కరెంటుతో లెక్కించిన వేడి కంటే అసలు వేడి కొన్ని రెట్లు ఉంటుంది. చిన్న విలువ నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ రండి. 5 లేదా 10 వాట్ల వైర్‌వౌండ్ వాడండి.

ఛాసిస్‌కు రివెట్ కొట్టిన రేకు పట్టీ, దానికి నాలుగైదు కాళ్లు. అదేమిటి?

అదీ వైర్‌వౌండే, రేకు తొడుగులో ట్యాపింగులతో. ఒక భాగం తెగితే మిగతావీ త్వరలోనే తెగుతాయనుకోండి. దాన్ని అలంకారంగా వదిలేసి, కాళ్ల తీగలన్నీ విప్పి, ట్యాగ్ స్ట్రిప్ (టంకం పెట్టే లోహపు కొనలున్న పట్టీ) మీద విడివిడి వైర్‌వౌండ్‌లతో కట్టండి. పాతది ఛాసిస్‌కు వేడిని వదిలేది. కొత్తవాటికి ఆ సౌకర్యం ఉండదు కాబట్టి వాట్లు ఉదారంగా చూడండి.

పాత రెసిస్టరు గుల్ల లోపల కొత్తది దాచవచ్చా?

గ్రిడ్, ఏవీసీ రెసిస్టర్లకు ముచ్చటగా ఉంటుంది. వేడెక్కేవాటిని దాచవద్దు.

అతికేటప్పుడు ఏం చూసుకోవాలి?

వేడెక్కే రెసిస్టరు కాళ్లను ట్యాగుకు మెలిపెట్టి కట్టాకే టంకం పెట్టండి. అతి వేడికి టంకం మెత్తబడినా కాలు ఊడి హెచ్‌టీ మీద పడకూడదు. ఒంటిని ఛాసిస్‌కు, మైనం పూసిన కెపాసిటర్లకు, రబ్బరు వైర్లకు ఒక వేలు మందమైనా ఎడంగా ఉంచండి. కొత్తవి పాతవాటికంటే చిన్నవి. అన్నే వాట్లను చిన్న ఒంట్లోంచి వదలాలి కాబట్టి పైభాగం ఇంకా ఎక్కువ కాగుతుంది. కాళ్లకు ఫైబర్‌గ్లాస్ స్లీవు వేయండి, ప్లాస్టిక్ స్లీవు కరుగుతుంది. పాత టంకంలో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

మార్చాక మొదటిసారి కరెంటు ఎలా ఇవ్వాలి?

సెట్టుకు వరసగా మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టి ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే. గట్టిగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి. బల్బు తీసేశాక మార్చిన ప్రతి రెసిస్టరు మీదా పడే వోల్టేజి కొలిచి వాట్లు మళ్లీ లెక్కించండి. మీటరు క్లిప్పులు కరెంటు లేనప్పుడే తగిలించి, చెయ్యి తీశాక స్విచ్ వేయండి. రెసిస్టర్లను వేలితో ముట్టి వేడి చూడొద్దు. అవుట్‌పుట్ వాల్వు కాథోడ్ వోల్టేజిని పది, పదిహేను నిమిషాలు గమనించండి. ఎక్కడో ఒకచోట ఆగాలి. మెల్లగా ఎక్కుతూనే ఉంటే సెట్టు ఆపి, కప్లింగ్ కెపాసిటరు ఒక కాలు విప్పి మళ్లీ చూడండి. ఎక్కడం ఆగితే తప్పు కెపాసిటరుది, ఆగకపోతే వాల్వుదో దాని గ్రిడ్ రెసిస్టరుదో.